చేసైగ – తొమ్మిదో భాగం: ఇంజన్ తిప్పుతున్న చేయి

పోయిన వారం మీరు నన్ను జాలర్ల ఊరు ఏటిమొగ పాళెం ఒడ్డున వదిలిపెట్టారు. చెవి దగ్గర ఫోన్ పెట్టుకొని నిలబడి ఉన్నాను. అవతల మాట్లాడుతున్నది నాయుడుపేట కాలేజీలో ఫిజిక్సు చెప్పే ప్రేమలీల మేడమ్. ఆమెను నేను ఇంతవరకు కళ్ళతో చూడలేదు. నేను రాసే 'చేసైగ' ప్రోగ్రామ్‌ను ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అని నెట్‌లో బహిరంగంగా పెట్టాను. పెట్టిన పాపానికి ఆమె చదివింది, దిద్దింది, దిద్దిన ప్రతిసారీ నా చేత నాలుగు మాటలు పడింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

కొత్తగా ఈ వారమే పుస్తకం తెరిచినవాళ్ళకు కొంచెం చెప్పాలి. నా పేరు సుమయ్య. మాది గూడూరు. నాన్న నాగూర్‌కు నిమ్మకాయల మండీలో చిన్న కొట్టు ఉంది. నేను చేస్తున్న ఉద్యోగం మానేసి, బోగోలులో మేడమీద గది అద్దెకు తీసుకొని, ఏడాదిన్నరగా ఫోన్‌కు చేతి సైగలు నేర్పుతున్నాను. సముద్రం మీద ఆపద వస్తే మనిషి తువ్వాలు తీసి తల మీద గిరగిరా తిప్పుతాడు. తాతల నాటి సైగ అది. ఒడ్డున చూసేవాడుంటేనే పనికొస్తుంది. తడి చేతులతో ఫోన్ తెర నొక్కితే అది పలకదు. అందుకని ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముంజేతికి కట్టుకొని, చేయి పైకెత్తి మూడు సున్నాలు చుడితే చాలు, ఊళ్ళో ఫోన్లన్నీ సైరన్ కూసేటట్టు చేశాను.

ఆగస్టులో అది కూసింది. ఊరికే కూసింది. దుర్గక్క మొగుడు వినోద్ తెల్లవారి ఇంజన్ హ్యాండిల్ తిప్పుకుంటుంటే, నా తెలివిగల ప్రోగ్రామ్‌కు అది తువ్వాలు తిప్పినట్టు కనిపించింది. ఎక్కడ తిప్పినా సున్నా సున్నాయే కదా! నాలుగు పడవలు అలలకు ఎదురెళ్ళాయి. ఒకటి బోల్తాపడి, అందులో ఉన్న హెబ్రోను కుడిచేయి రెండు చోట్ల విరిగింది. వినోద్ మాత్రం ఏమీ ఎరగకుండా చేపలతో ఒడ్డుకు వచ్చాడు. తప్పు నాదని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా, ఊరిపెద్ద పెదకాపు మాలకొండయ్య తన కొడుకు వినోద్‌నే ఊరి ముందు తలవంచుకొని నిలబెట్టాడు.

తరువాత నేను పదిహేను రోజులు నిద్ర మానుకొని దాన్ని బాగుచేశాను. దుర్గక్క ఇంటింటికీ తిరిగి అరవై రెండు మంది చేత తువ్వాలు తిప్పించింది, ఇంజన్లు తిప్పించింది. ఆ కదలికలన్నీ ఫోన్‌కు నేర్పి, 'ఇది తువ్వాలు, కుయ్యి. ఇది ఇంజన్, పట్టించుకోకు' అని చెప్పాను. అది బుద్ధిగా నేర్చుకుంది. ఆ గర్వంలో వలల పాక ముందు నిలబడి ఊరందరికీ ఒక మాట చెప్పాను. "ఇకమీద ఫోన్ మోగలేదంటే మనిషి బాగున్నట్టే" అన్నాను. ఆ మాట మీద ఊరి పెద్దలైన కాపులు దురాయి పెట్టారు. దురాయి అంటే ఊరి కట్టడి. పోలీసు మాటైనా దాటుతారేమో గానీ దురాయి దాటరు. ఫోన్ మోగనిదే వెతకడానికి ఒక్క పడవ కదలకూడదు, ఊరికే మోగించినవాడు ఆరు నెలలు సముద్రం ముట్టకూడదు అని కట్టడి.

ఈ రోజు వినోద్ తెల్లవారుజామున వేటకు పోయాడు. తొమ్మిదికల్లా రావలసినవాడు పదిన్నరైనా రాలేదు. ఎనిమిది నుంచి తూర్పుగాలి లేచింది. ఒడ్డున అలలు ఒకదాని వీపెక్కి ఒకటి వస్తున్నాయి. ఎవరూ కంగారు పడలేదు. ఫోన్ మోగలేదు కదా.

"మోగదు సుమయ్యా" అంది ప్రేమలీల మేడమ్ ఫోన్‌లో. "మోగొద్దని నువ్వే చెప్పావు. ఇంజన్ అనే గడి చూడు. వినోద్ పేరు ఎదురుగా అంకె ఎంతుందో చూడు."

ఆ గడి ఆమె పెట్టించిందే. పారేసే కదలికలను కూడా లెక్కపెట్టి పది నిమిషాలకోసారి పంపే నాలుగు వరుసలు సెప్టెంబరులో రాసి పంపింది. "ఈ చెత్త లెక్క ఎందుకు మేడమ్?" అని విసుక్కొని, గొడవ వదిలితే చాలునని చేర్చేశాను. చేర్చాక ఒక్క రోజు కూడా చూడలేదు. ఆమె మాత్రం రోజూ చూస్తోంది.

లాప్‌టాప్ తెరిచాను. నూట నలభై ఏడు.

రోజూ ఆ గడిలో మూడో నాలుగో ఉంటుంది. పోయేటప్పుడు రెండు తిప్పులు, వల తీశాక వచ్చేటప్పుడు రెండు. ఈ రోజు ఏడూ ఇరవైకి మొదలై ఆగకుండా పెరుగుతోంది. మూడు గంటలుగా ఆ మనిషి సముద్రం మధ్య ఇంజన్ తిప్పుతూనే ఉన్నాడు. తిప్పిన ప్రతిసారీ నా ప్రోగ్రామ్ 'ఇది ఇంజన్, పట్టించుకోకు' అనుకొని ఊరుకుంది. యా అల్లా, ఇంత బుద్ధితక్కువ పని ఎలా చేశాను!

"సైగ ఎందుకు చెయ్యడం లేదు మేడమ్? చెయ్యెత్తి మూడుసార్లు తిప్పితే చాలు కదా?"

"అది నాకెలా తెలుస్తుందమ్మా? ఆ ఊళ్ళో ఉన్నది నువ్వు" అంది.

నాలుగుసార్లు వినోద్‌కు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ అందుబాటులో లేరనే అంది. మాట పోయేంత సిగ్నల్ లేని చోట కూడా చిన్న అంకె ఎలాగో దూరి వస్తుంది, అంతే. మనిషి ఎక్కడున్నాడో మాత్రం ఆ అంకె చెప్పదు. అదీ నా ఘనకార్యమే. ఎవరి వేట చోటు వాళ్ళ ఇంటి గుట్టు, అది పక్కింటివాడికి తెలియకూడదని ఊరివాళ్ళు పట్టుబడితే, సైరన్ మోగినప్పుడు తప్ప చోటు పంపకుండా రాసిపెట్టాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ నిమిషంలో నాకొక పాడు ఆలోచన వచ్చింది. నా లాప్‌టాప్ నుంచి నేనే సైరన్ మోగించవచ్చు. ఒక్క మీట నొక్కితే ఊరు కదులుతుంది. నా తప్పు ఎవరికీ తెలియదు. వేలు మీట మీద పెట్టాను కూడా. కానీ పడవలు ఎటు పోవాలి? పోనీ వినోద్ మరో గంటకు ఇంజన్ బాగుచేసుకొని నవ్వుకుంటూ వస్తే, ఊరికే మోగించాడని ఆరు నెలలు ఒడ్డున కూర్చోబెడతారు. నా సిగ్గు దాచుకోవడానికి వాళ్ళ కూటికుండ మీద దెబ్బ కొట్టలేను. వేలు తీసేశాను.

దుర్గక్క ఎండుచేపల మీద పట్ట కప్పుతోంది. గాలికి పట్ట ఎగిరిపోతుంటే రాళ్ళు పెడుతోంది. దగ్గరికి పోయి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా మణికట్టు పట్టుకుంది. గాజులు చర్మంలోకి దిగేలా పట్టుకుంది.

"ఎన్నిసార్లు అన్నావు?"

"నూట నలభై ఏడు. ఇప్పుడు ఇంకా ఎక్కువే అయ్యుంటుంది."

"సైగ చెయ్యలేదా?"

"లేదక్కా."

"చెయ్యడు" అంది, సముద్రం వైపు చూస్తూ. "ఆ రోజు వాళ్ళ నాయన అందరి ముందర అంత మాటన్నాక, ప్రాణం పోయేదాకా చెయ్యడు. నాకు తెలుసు." ఆమె పెదవులు తెల్లబడ్డాయి. ఇంకేదో అనబోయి మింగేసింది. "పద, మామకు చెప్పాల" అంది.

వలల పాకలో పదిమంది ఉన్నారు. మాలకొండయ్య నడుమ కూర్చొని వల కుడుతున్నాడు. అరవై దాటిన మనిషి. మాట తక్కువ. ఆయన ఎదురుగా నిలబడాలంటే నాకు మొదటి రోజు నుంచీ హడలే. పక్కన హెబ్రోను సిమెంటుకట్టు కట్టిన చేతిని మెడకు వేలాడదీసుకొని స్తంభానికి ఆనుకున్నాడు. మమ్మల్ని చూసి అందరూ మాటలాపారు.

"మోగిందా?" అన్నాడు మాలకొండయ్య తలెత్తకుండా.

"మోగలేదు పెద్దాయనా. కానీ..."

"మోగలేదంటే బాగున్నట్టే. నువ్వు చెప్పిందే గదా పాపా."

నేను చెప్పిందే. చెంపదెబ్బ కూడా అంత నొప్పి పెట్టదు.

"నేను తప్పు చెప్పినా పెద్దాయనా" అన్నాను. ఆ ఊరి మాట నాకు తెలియకుండానే నోట్లోకి వచ్చేసింది. "మోగకపోయినా బాగాలేకుండా ఉండొచ్చు. నేను ఆలోచించలేదు. ఇంజన్ తిప్పితే మోగకూడదని రాసినా గానీ, ఇంజన్ ఎంతకీ రాకపోతే ఏమవుతుందో ఆలోచించలేదు. వినోదన్న మూడు గంటల నుంచి ఇంజన్ తిప్పతానే ఉండాడు. నూట యాభైసార్లు తిప్పినాడు. నా ఫోన్ అదంతా చూసి నోరు మూసుకొని ఊరుకుంది."

అందరూ ఒక్కసారి మాట్లాడారు.

"ఆ రోజు ఊరికే మోగిందంటివి, ఇయాల మోగాల్సింది మోగలేదంటివి! ఏందమ్మా నీ ఆట?" అన్నాడొకడు.

"యంత్రాన్ని నమ్ముకుంటే ఇట్టనే ఉంటాది" అన్నాడు ఇంకొకడు.

అనండి, అనండి. నోరెత్తే మొహం నాకెక్కడిది? తల వంచుకొని నిలబడ్డాను. ఆగస్టులో వినోద్ నిలబడింది కూడా సరిగ్గా అక్కడే.

మాలకొండయ్య చేయెత్తాడు. అందరూ ఆగారు.

"ఆ రోజు నాలుగు పడవలు దించినా. హెబ్రోను చెయ్యి పోయింది. ఆ రోజు సముద్రం ఇంకా మెత్తగా ఉండె. ఇయాల ఆ అలలు చూస్తివా?" ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. "పది మందిని దించితే పది మందీ తిరిగొస్తారని రాసియ్యి. దించతా. నీ యంత్రం ఈసారి నిజం చెప్తాందని నువ్వెట్ట చెప్పగలవు?"

"రాసివ్వలేను పెద్దాయనా" అన్నాను. "ఏదీ రాసివ్వలేను. ఆ అంకె చూస్తే భయంగా ఉందని మాత్రం చెప్పగలను."

"భయానికి దురాయి తీయను."

"మామా!" అంది దుర్గక్క. ఆ పాకలో ఆడవాళ్ళు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఆయన నీ కొడుకు గదా!"

"ఊళ్ళో అందరూ ఎవురో ఒకరి కొడుకులే. నా కొడుకని దురాయి తీస్తే రేపు నా మాట ఎవురింటారు?" అన్నాడాయన. సూది మళ్ళీ వలలోకి దించాడు. అప్పుడు చూశాను, ఆయన కుడుతున్న చోట చిరుగే లేదు. చాలాసేపటి నుంచి బాగున్న వల కన్నాలన్నీ వరసగా మూసుకుంటూ పోతున్నాడు. ఆ మనిషి పొద్దుటి నుంచి సముద్రం వైపు చూడకుండా ఉండటానికే వల పట్టుకొని కూర్చున్నాడు. నాకన్నా ఎక్కువ భయం ఆయనదే.

స్తంభం దగ్గర నుంచి హెబ్రోను ముందుకు వచ్చాడు.

"పాపా, ఎన్ని తిప్పులన్నావు?"

ఫోన్ చూసి చెప్పాను. "నూట అరవై మూడు ఇప్పుడు."

"మధ్యలో ఆపినాడా? ఎంతసేపు ఆపినాడు?"

"మొదట్లో ఐదుసార్లు తిప్పి పావుగంట ఆపినాడు అన్నా. మళ్ళీ పది, మళ్ళీ ఆపినాడు. తొమ్మిది నుంచి ఆపడం లేదు. ఒకటి, రెండు నిమిషాలకు ఇంకొకటి, అట్టా."

హెబ్రోను ఊళ్ళో ఇంజన్ల పని తెలిసినవాడు. ఆయన ముఖం మారిపోవడం అందరం చూశాం.

"ఇంజన్ రాకపోతే మనిషి ఐదు తిప్పులు తిప్పి ఆపతాడు. డీజిల్ పైపు పీకి గాలి తీస్తాడు. మళ్ళా పది తిప్పతాడు. మళ్ళా విప్పతాడు, తుడస్తాడు. ఆ పావుగంటలు అయ్యే" అన్నాడు. "ఆపకుండా తిప్పతాండాడంటే విప్పేదానికి ఇంకేమీ లేదని. రెండు నిమిషాలకు ఒక తిప్పు అంటే జబ్బల్లో సత్తవ అయిపోయిందని. నాకు తెలుసు పెదకాపూ. నేనూ ఒకసారి అట్టా తిప్పినా." కట్టు కట్టిన చేయి చూపించాడు. "ఈ చెయ్యి ఇరిగింది నాది. అడిగే హక్కు ఉంటే నాకుండాది. పడవలు దించు."

మాలకొండయ్య సూది పక్కన పెట్టి లేచాడు. ఒడ్డువైపు నాలుగడుగులు వేసి మొదటిసారి సముద్రం కేసి తేరిపార చూశాడు. దుర్గక్క పట్టు నా మణికట్టు మీద ఇంకా వదల్లేదు.

"దురాయి నేనే పెట్టించినా. నేనే తీస్తాండా. తప్పయితే రేపు నన్ను నిలబెట్టండి" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు చెప్పబోయేది ఆయనకు దురాయి తీయడం కన్నా కష్టమని అందరి ముఖాలూ చూస్తే తెలిసింది. "ఒక్కడే పోయినాడు. జతగానికి జరమంట. మా చోటుకే పోయుంటాడు. ఇనుకోండి. ఉత్తరాన దీపస్తంభం మీదికి ఒంటితాడి రావాల. దక్షిణాన నీళ్ళ ట్యాంకు సరుగుడు తోపు కొస మీద నిలబడాల. రెండు గుర్తులూ ఒకేసారి కుదిరిన కాడ ఆగండి. కింద చేపలు చేరే రాయుండాది. మా తాత కనిపెట్టినాడు."

మూడు తరాలుగా పెళ్ళాలకు కూడా చెప్పని గుట్టు అది. పదిమంది మగవాళ్ళూ చెవులప్పగించి విన్నారు. ఒక్కరి కంట్లోనూ ఆశ కనిపించలేదు. ఒక ముసలాయన మాత్రం "ఇన్నామా, మర్చిపోతాంలే మాలకొండయ్యా, నీ కొడుకు వచ్చినాక" అన్నాడు. ఆ మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మూడు పడవలు దించారు. అలల వరస దాటేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. తెరిచి చూసేసరికి మూడూ అవతల ఉన్నాయి, ముక్కులు పైకెత్తి పోతున్నాయి. మాలకొండయ్య మొదటి పడవలో ఎక్కబోతే నలుగురు పట్టుకొని ఆపారు. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి అక్కడే ఉండిపోయాడు.

నేనూ దుర్గక్కా పాక ముందు ఇసుకలో కూలబడ్డాం. లాప్‌టాప్ నా ఒళ్ళో ఉంది. అవతల నాయుడుపేటలో ప్రేమలీల మేడమ్ కూడా ఫోన్ పెట్టేయకుండా అదే తెర చూస్తోంది. పదకొండుకు నూట అరవై ఎనిమిది. పదకొండూ పదికి నూట డెబ్బై. ఆ అంకె పెరిగితే మా ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చేది. తిప్పుతున్నాడంటే ఉన్నాడు. పొద్దున నన్ను వణికించిన అంకెనే ఇప్పుడు పెరగమని దువా చేస్తున్నాను. దుర్గక్క తన దేవుళ్ళకు మొక్కుతోంది.

పదకొండూ ఇరవైకి నూట డెబ్బై ఒకటి. ఒక్కటే తిప్పు.

పదకొండున్నరకు నూట డెబ్బై ఒకటే.

"ఏమైంది? ఆపినాడా?" అంది దుర్గక్క.

"అలిసిపోయుంటాడు అక్కా."

"ఆపినాడా సుమయ్యా?"

"సిగ్నల్ సరిగ్గా లేదేమో" అని అబద్ధం చెప్పాను. అంకె వచ్చింది కాబట్టి సిగ్నల్ ఉంది. చేయి కదలడం లేదు.

పదకొండూ నలభైకి ఏ అంకే రాలేదు. పడవలు చుక్కలైపోయాయి. దుర్గక్క లేచి నీళ్ళ దాకా పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది.

పదకొండూ నలభై ఆరుకు సైరన్ కూసింది.

నా ఫోన్, దుర్గక్క ఫోన్, పాకలో తాటాకుల్లో గుచ్చిన ఫోన్లు, ఇళ్ళల్లో ఉన్నవీ అన్నీ ఒక్కసారి కూశాయి. ఊరు ఊరంతా ఒడ్డుకు పరుగెత్తుకొచ్చింది. తెర మీద వినోద్ పేరు, దాని కింద ఎర్రటి చుక్క. చోటు వచ్చింది! తండ్రి చెప్పిన రాయి దగ్గర నుంచి దక్షిణానికి ఆరు కిలోమీటర్లు కొట్టుకుపోయి ఉంది పడవ. పడవల్లో ఉన్నవాళ్ళ ఫోన్లూ మోగి ఉంటాయి. చూస్తుండగానే సముద్రం మీద ఆ మూడు పడవలూ దక్షిణానికి తిరిగాయి.

"సైగ చేసినాడు!" అని అరిచాను. దుర్గక్క నన్ను కావలించుకుంది. నీళ్ళలో ఉన్న మాలకొండయ్య రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదలడం ఇక్కడికి కనిపిస్తోంది. ఎవరో ఈల వేశారు. పడవలకు ఇంక అరగంట చాలు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

"సుమయ్యా" అంది ఫోన్‌లో ప్రేమలీల మేడమ్. ఆమె గొంతులో సంతోషం లేదు. "ఆ సైగ గీత తెరిచి చూడమ్మా. చేయి తిరిగిన గీత."

తెరిచాను. మూడు సున్నాలు. నీటుగా, గుండ్రంగా ఉన్నాయి. మొదట నాకేమీ అర్థం కాలేదు. తర్వాత అవి ఎటు తిరిగాయో చూశాను.

వినోద్‌ది ఎడమచేతి వాటం. ఏటిమొగ మొత్తంలో ఆ వాటం అతనొక్కడిదే. అందరి సున్నా ఒకవైపు తిరిగితే అతనిది దానికి ఎదురు తిరుగుతుంది. అతనొక్కడి కోసం మూడు రోజులు కూర్చొని, సున్నా ఎటు తిరిగినా గుర్తుపట్టేలా ప్రోగ్రామ్ తిరగరాశాను. ఆ గీత నిద్రలో లేపి చూపించినా గుర్తుపడతాను. ఈ సున్నాలు అటు తిరగలేదు.

"చెయ్యి నొప్పి పుట్టి ఫోన్ కుడిచేతికి మార్చుకొని తిప్పాడేమో మేడమ్" అన్నాను. నా మాట నాకే నమ్మకంగా లేదు.

"అలవాటు లేని చేత్తో తిప్పితే ఇంత గుండ్రంగా రాదు. వంకర పోతుంది. ఇది పుట్టినప్పటి నుంచీ కుడిచేత్తో పనిచేసేవాళ్ళ చెయ్యి" అంది. "ఫోన్ అతని ఎడమచేతికి కట్టి ఉందన్నావు. అతని చేతి నుంచి దాన్ని ఎవరో విప్పారు సుమయ్యా."

ఊరంతా నవ్వుతోంది. ఒక ముసలామె నా నెత్తి మీద చేయి పెట్టి దీవిస్తోంది. నేను దుర్గక్కను పాక వెనక్కి లాక్కుపోయాను. గీత చూపించాను. ఆ అరవై రెండు మంది సైగలూ తన చేతులతో పట్టిన మనిషి ఆమె. చెప్పవలసిన పని లేకపోయింది.

"ఇది వినోదన్న చెయ్యి కాదు" అన్నాను. "దుర్గక్కా, అన్న ఒక్కడే పోయినాడన్నారు గదా. మరి ఆ పడవలో ఈ చెయ్యెవరిది?"

ఆమె నా భుజం మీదుగా మామ వైపు చూసింది. ఆయన నీళ్ళలో నుంచి ఒడ్డుకు వస్తున్నాడు, మా వైపే వస్తున్నాడు.

"ఒక్కడే పోలేదు సుమయ్యా" అంది, నాకు మాత్రమే వినపడేటట్టు. "ఎవురికీ చెప్పొద్దని మీ అన్న చేత నేనే ఒట్టేయించుకున్నా."